నీటిగీత కింది రంగు

జూన్ 4

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం వదిన గొంతు చించుకుని చెప్పాలి. నలభై ఏళ్లు తుప్పు రాలగొడుతూ ఇనుము మీద సుత్తి మోగించి చెవులు పోగొట్టుకున్నవాడితో ఉత్తరమే నయం. పైగా ఈసారి నాకు కావలసింది కబుర్లు కాదు. నింపాదిగా కూర్చుని, గుర్తు చేసుకుని రాయి.

బళ్లో డ్రాయింగ్ చెప్పడం మానేశాక నా ముందుగదంతా మోడళ్లతో నిండిపోయిందని నీకు తెలుసు. రెండు విమానాలు, ఒక రోడ్డు రోలరు అయ్యాయి. ఇప్పుడు మీ పడవల యార్డులో ఉండే, జనాన్ని అవతలి ఒడ్డుకి చేర్చే తెల్ల లాంచీ మొదలుపెట్టాను. నలభై ఎనిమిదో వంతు. అసలుది నాలుగడుగులుంటే నాది అంగుళమన్నమాట. మూరెడు పొడవు వచ్చింది. ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, ఒళ్లంతా నున్నగా రుద్దాను. ఎందుకు, ఎవరి కోసం అని మాత్రం అడగకు. సమయం వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇక రంగులు. పెయింటింగ్ మేస్త్రీవి నువ్వుండగా నేను ఇంకెవరినో అడగడమేమిటి? ఆ తెలుపు ఏ తెలుపు? కమ్మీల ఆకుపచ్చ, చిమ్నీ పసుపు ఎలా కలిపావు? నీటిగీత కింద నీళ్లలో మునిగే ఒట్టి ఇనుము మీద ముందు ఏం వేశావు, దాని మీద ఏం వేశావు, ఎన్ని కోట్లు? ఇదంతా ఎందుకంటే, నేను పై రంగు ఒక్కటే పూసి ఊరుకోను. అసలు లాంచీకి ఏ వరసలో పడ్డాయో అదే వరసలో వేసి, తర్వాత అక్కడక్కడా గీకుతాను. కింద ఏముందో పైకి కనపడాలి. అప్పుడే అది బొమ్మలా కాక, నీళ్లలో తిరిగొచ్చిన పడవలా ఉంటుంది.

మా వీధి చివర రంగుల కొట్టాయన నీళ్లలో కలిపే అక్రిలిక్ కొనమంటాడు, వాసన రాదట. వాసన రాని రంగు మీద నాకు నమ్మకం లేదు. ఎనామెల్ అడిగితే రెండేళ్ల పాత డబ్బా అంటగట్టబోయాడు. మూత తీయించి, పుల్లతో అడుగుదాకా కలిపి చూశాకే తీసుకున్నాను. ఇంత అనుమానమేమిటమ్మా అన్నాడు. నీకు తెలుసుగా, నా సంగతి.

నీ పిచ్చుక


జూన్ 15

పిచ్చుకా,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ వదిన చదివింది. 'ఎన్ని కోట్లు' అన్న చోట ఆగి, ఎవరివి ఈ కోట్లు, నాకు తెలియకుండా అన్నాచెల్లెళ్లు ఏం నడుపుతున్నారు అని నిలదీసింది. రంగు కోట్లే తల్లీ అని నమ్మించేసరికి టీ చల్లారిపోయింది.

తెలుపు ఒట్టి తెలుపు కాదు. పెద్ద డబ్బాకి చెంచాడు నలుపు, చిటికెడు పసుపు కలుపుతాను. ఒట్టి తెలుపు ఎండలో కళ్లు పొడుస్తుంది, నెల తిరక్కుండా మాసిన చొక్కాలా అవుతుంది. కమ్మీలకి ముదురాకుపచ్చ, అందులో పదోవంతు నలుపు. చిమ్నీ పసుపుకి డబ్బా మీద నంబరు లేదు, నేను చేత్తో కలిపిందే. నిమ్మపండు కంటే ముదురు, గుమ్మడిపువ్వు కంటే లేత. ఆ పసుపు నా తర్వాత ఎవరికి వస్తుందో చూడాలి. కొత్త కుంచె అయితే ముందు వేళ్లతో బాగా పీకు, లేకపోతే వెంట్రుకలు రంగులో ఉండిపోతాయి. తడి మీద మళ్లీ కుంచె పెట్టకు. నీకు ఆ దురలవాటు చిన్నప్పటినుంచీ ఉంది, ఆరేదాకా ఆగలేవు.

నీటిగీత కింద తుప్పంతా గీకుడు, అది మళ్లీ పట్టకుండా రెండు కోట్లు రెడ్ ఆక్సైడ్ ఎరుపు, పైన నలుపు. అంతే.

ఏప్రిల్‌లోనే మొత్తం చేశాం. సోమవారం పొద్దున గట్టుకి లాగితే శుక్రవారం మొదటి ట్రిప్పుకి దింపాం. అంత చురుగ్గా ఏ యార్డూ చెయ్యదు.

ఎవరి కోసమో చెప్పకపోతే మానె. పెద్దదానివయ్యావు.

అన్నయ్య


జూన్ 27

అన్నయ్యా,

నీ తెలుపు అద్భుతం. కానీ నువ్వు చెప్పిన పాళ్లలో కలిపి వేస్తే నా చిన్న లాంచీ మీద మురికిగా కనపడింది. పెద్దవాటి రంగు చిన్నవాటికి అలాగే వేస్తే ముదిరిపోతుంది, ఇది మా మోడళ్ల వాళ్లందరూ పడే తిప్పలే. నలుపు సగానికి తగ్గించాను, సరిపోయింది. అడుగు నలుపుకి బూడిదరంగు కలిపాను. నిగనిగలాడే వార్నిష్ వద్దనుకున్నాను, తారు పూసినట్టుంటుంది. మెరుపు లేనిది వేస్తాను.

అడుగుభాగం దగ్గరే చిక్కు. పెచ్చులూడినట్టు చూపించడానికి ఒక ఉపాయముంది. రెడ్ ఆక్సైడ్ రంగు వేసి ఆరాక, తడి చేసి ఉప్పురవ్వలు చల్లి, దాని మీద నలుపు వేసి, ఆరాక ఉప్పు రుద్దేస్తే అక్కడక్కడా ఎరుపు బయటపడుతుంది. ఎక్కడెక్కడ ఊడాలో చూద్దామని కిందటి సారి వచ్చినప్పుడు తీసిన ఫోటోలు ముందేసుకున్నాను. రేవు టైర్లకి రాసుకుని వెనకవైపు అడుగున జానెడు మేర రంగు పోయింది చూడు, నీళ్లు వెనక్కి తీసి అడుగు బయటపడ్డ వేళ తీసిన ఆ ఫోటో మే నెలది. భూతద్దం పెట్టి చూశాను. నలుపు కింద ఎరుపు లేదు. గోధుమరంగు గరుకే ఉంది. నీ రెండు కోట్లు అక్కడ ఎటు పోయాయి? నేను ఎరుపు చూపించాలా, తుప్పు చూపించాలా?

తుప్పు మీద రంగు ఎలా ఉంటుందో తెలుసుకుందామని రేకు డబ్బా కోసి రెండు ముక్కలు తీశాను. ఒకటి బాగా గీకి ఎరుపు, నలుపు వేశాను. రెండోది తుప్పు పట్టనిచ్చి, దాని మీదే నలుపు కొట్టాను. రెండూ ఉప్పునీళ్ల సీసాలో కిటికీ మీద కూర్చున్నాయి.

ఇంకో మాట. మా మరిది లాంచీల తనిఖీ ఆఫీసుకి బదిలీ మీద అక్కడికే వచ్చాడుగా. అటు వెళ్లినప్పుడు చిమ్నీ ఫోటో తీసి పంపమన్నాను, నీ పసుపు నాకు కుదరడం లేదు.

పిచ్చుక


జూలై 9

చెల్లికి,

పోయిన మంగళవారం మీ మరిది యార్డుకి వచ్చాడు. ఆఫీసు బట్టల్లోనే వచ్చాడు. లాంచీ రేవులో ఉంది. జేబులోంచి తెల్లకాగితం తీసి చిమ్నీ పక్కన పట్టుకుని ఫోటోలు తీశాడు. తర్వాత కమ్మీల దగ్గర, ఆ తర్వాత వెనకవైపు. పావుగంట పైనే ఉన్నాడు. మేనేజరు మేడ మీదినుంచి చూస్తూ నిలబడిపోయాడు. మీ మరిది వెళ్లాక మేనేజరు నన్ను పిలిచి, ఆ కాగితమేమిటి, నీకు బంధువటగా అని అడిగాడు. తెలియదన్నాను. ఒక పసుపు కోసం తనిఖీ ఆఫీసరు పావుగంట నిలబడతాడంటే నమ్మడానికి నేను నిన్న పుట్టలేదు.

ఫోటోలో నువ్వు చూసింది నీడ. తడిసిన రెడ్ ఆక్సైడ్ అలాగే నల్లబడుతుంది.

ముందు ఏం వేశారు, తర్వాత ఏం వేశారు, ఎన్ని రోజులు, ఎన్ని కోట్లు. ఇవి బొమ్మలు చేసేవాళ్లు అడిగే ప్రశ్నల్లా లేవు. ఎవరు అడగమంటే అడుగుతున్నావు?

బొమ్మే చెయ్యదలుచుకుంటే నీటిగీత పైభాగం మాత్రం చెయ్యి. చెక్క మీద నీళ్లలా రంగు వేసి దాని మీద కూర్చోబెట్టు. చాలామంది అలాగే చేస్తారని నువ్వే ఒకసారి చెప్పావు. అడుగు ఎవరికీ కనపడదు.

అన్నయ్య


జూలై 18

అన్నయ్యా,

నన్ను ఎవరూ అడగమనలేదు. ఆ తెల్లకాగితం తప్పు నాది. ఫోటోలో పసుపు నిజంగా ఎంత పసుపో తెలియాలంటే పక్కన తెల్లటిది ఏదైనా ఉండాలి. పట్టుకోమని నేనే చెప్పాను. పాపం మరిది, నేను చెప్పానని బుద్ధిగా పట్టుకున్నాడు. కమ్మీలు, వెనకవైపు కూడా నా కోసమే తీశాడు. అతనికి నీ లాంచీ మీద ఏ అనుమానమూ లేదు.

ఇప్పుడు నాకుంది.

నేను ఒక రంగు అడిగితే నువ్వెందుకు ఉలిక్కిపడ్డావు? పైభాగం మాత్రం చెయ్యమని నువ్వు రాసిన వాక్యం ఎన్నిసార్లు చదివానో. నా మూరెడు లాంచీకే ఒక్కో కోటు ఆరడానికి ఒక రోజు పడుతోంది. ఆ పెద్ద పడవ అడుగు గీకడానికే మూడు రోజులు కావాలని నువ్వే చెప్పేవాడివి. సోమవారం లాగి శుక్రవారం దింపామని కూడా నువ్వే రాశావు. గీకుడు, రెండు ఎరుపులు, ఒక నలుపు, నాలుగు రోజుల్లో ఎలా పట్టాయి?

మొన్న వదిన ఫోన్ చేసింది. ఏప్రిల్ నుంచి నువ్వు రోజూ పొద్దున మొదటి ట్రిప్పుకి లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకి పోయి, అదే లాంచీలో తిరిగొస్తున్నావట. ఇల్లూ ఇటే, యార్డూ ఇటే. అవతల ఎవరున్నారని అడిగితే గాలి కోసం అన్నావట. ఆవిడ ఏడుస్తూ, నీకేమైనా తెలుసా అని నన్ను అడిగింది. నేనేం చెప్పాలి?

నా దగ్గర రెండు అనుమానాలున్నాయి. ఒకటి వదినది. రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు. వదినదే నిజమైతే బాగుండునని నాకు అనిపిస్తోందంటే, రెండోది ఎంత పెద్దదో నువ్వే చూసుకో.

పిచ్చుక


జూలై 27

నా సంసారంలో వేలు పెట్టకు.

నలభై ఏళ్లు పని చేసినవాడికి రంగు ఎప్పుడు ఆరుతుందో రోడ్డు రోలరు బొమ్మ చేసినావిడ నేర్పనక్కర్లేదు. ఎవరి కోసం చేస్తున్నావో నాకు చెప్పవు, నేను మాత్రం ప్రతి కోటుకీ నీకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ బొమ్మకి నా దగ్గర ఇక రంగులు లేవు. ఉత్తరాలు రాయకు.


ఆగస్టు 8

అన్నయ్యా,

వద్దన్నా రాస్తున్నాను. ఇదొక్కటి చదువు.

లాంచీ నీ కోసమే చేస్తున్నాను. డిసెంబరులో నువ్వు పని మానే రోజున మీ యార్డుకి తెచ్చి నీ చేతిలో పెట్టాలనుకున్నాను. ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. నా గుట్టు నన్నే తన్నింది.

కిటికీ మీది సీసా ఈ రోజు దింపాను. గీకి రంగు వేసిన ముక్క కొత్తదానిలా ఉంది. తుప్పు మీద నలుపు కొట్టిన ముక్క కూడా చూడ్డానికి బాగానే ఉంది, అక్కడక్కడా చిన్న పొక్కులు, అంతే. వేలితో నొక్కితే పొక్కు కాదు, రేకే విరిగింది. రంగు మాత్రం చివరిదాకా నిలబడింది, కింద ఏమీ మిగలకపోయినా.

నువ్వు రోజూ ఆ లాంచీ ఎందుకు ఎక్కుతున్నావో నాకు ఇప్పుడు తెలుస్తోందనుకుంటాను. పొరపాటైతే నన్ను తిట్టు, కాళ్లు పట్టుకుంటాను. పొరపాటు కాకపోతే నువ్వే వెళ్లి చెప్పు. వచ్చే శుక్రవారం, పదహారో తేదీ దాకా ఆగుతాను. ఆ సాయంత్రానికి నీనుంచి ఏమీ రాకపోతే మరిదికి ఫోన్ చేసి చెప్పేస్తాను. అందులో జనం కూర్చుంటారు అన్నయ్యా. నువ్వు నా తోడబుట్టినవాడివైనా సరే చెప్పేస్తాను.

నీ చెల్లెలు


ఆగస్టు 13

పిచ్చుకా,

పోయిన ఉత్తరంలో రాయకు అన్నాను. నువ్వు మాట విన్నట్టున్నావు, ఏమీ రాలేదు. నేనే రాస్తున్నాను. మీ వదిన ఫోన్ చేస్తానంది, వద్దన్నాను. ఇది నేనే రాయాలి.

ఏప్రిల్‌లో రెండో లాంచీ ఇంజను పాడై, ఉన్నది ఈ తెల్లది ఒక్కటే. శుక్రవారానికి దింపాలని మేనేజరు అన్నాడు. అడుగు గీకకుండా కుదరదని చెప్పాల్సినవాణ్ని నేను. చెప్పలేదు. పైపైన చీపురు కొట్టించి నలుపు వేయించడం మొదలుపెట్టాను. అయినా మనసు ఊరుకోక, మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు సుత్తి పట్టుకుని లాంచీ కిందికి వెళ్లాను. వెనక ఎడమవైపు, ఇంజను కింద మూడుసార్లు కొట్టాను. నాకు చెవులు పోయినా చెయ్యి పోలేదు. మంచి ఇనుము సుత్తిని వెనక్కి నెడుతుంది. అక్కడ నెట్టలేదు. తడిసిన అట్టని కొట్టినట్టుంది. నాలుగోసారి కొట్టలేదు. కొడితే దిగిపోతుందని తెలిసింది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. లప్పం కలిపి ఆ చోట పెట్టాను. నా జీవితంలో అంత నున్నగా లప్పం ఎప్పుడూ పెట్టలేదు. దాని మీద నలుపు కొట్టి, సాయంత్రం కాగితం మీద 'గీకి, రెండు కోట్లు రెడ్ ఆక్సైడ్ వేశాం' అని సంతకం చేశాను. రేకు కోయాలంటే లాంచీ రెండు నెలలు గట్టు మీదుంటుంది, మేనేజరు నన్ను బతకనివ్వడు, నాకు ఇంకా ఎనిమిది నెలలే ఉద్యోగం. భయమనుకో. బద్ధకమని కూడా అనుకో, అదీ ఉంది.

ఆ మర్నాటినుంచి నిద్ర లేదు. రోజూ మొదటి ట్రిప్పు ఎక్కి ఇంజను పక్క బల్ల మీద, చెప్పులు విప్పి కూర్చునేవాణ్ని. అడుగున నీళ్లు తోడే పంపు ఎంతసేపు తిరుగుతోందో పాదానికి తెలుస్తుంది. నీళ్లొస్తే ఏం చేసేవాడివి అని అడగకు. మునిగితే అందరితోపాటు నేనూ ఉండాలనుకున్నానేమో.

నిన్న సోమవారం, సగం దూరంలో మొదలైన పంపు ఒడ్డు వచ్చేదాకా ఆగలేదు. డ్రైవరు ఇరుసు దగ్గర రబ్బరు అరిగి నీళ్లొస్తున్నాయన్నాడు. నా ఎదురుగా ఒకావిడ కూతురికి జడ వేస్తోంది. నేను అవతలి ఒడ్డున దిగి, తిరిగి ఎక్కకుండా, తిన్నగా అక్కడి తనిఖీ ఆఫీసుకి నడిచాను.

మీ మరిది నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. "ఫోటోలు అందాయా అండీ వదినకి? పసుపు సరిపోయిందన్నారా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది, అతనికి నిజంగానే ఏమీ తెలియదని. నువ్వు రాసిందంతా నిజమని. అందాయి బాబూ, ఆ మాట చెప్పిపోదామనే వచ్చానని బయటపడొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కూర్చున్నాను. "పసుపు కోసం రాలేదు బాబూ, నలుపు గురించి చెప్పాలి" అన్నాను.

అతను అంతా రాసుకున్నాడు. విచారణ అయ్యేదాకా నీతో కూడా ఈ మాట ఎత్తనన్నాడు. మధ్యాహ్నానికి లాంచీని ఆపి గట్టుకి లాగారు. ఈ రోజు పొద్దున నన్ను చూపించమన్నారు. చేత్తో తడిమితే ఆ చోటు దొరకలేదు. అంత బాగా పెట్టాను. ఇంజను కింద కొలిచి చూపించాక మీ మరిది సుత్తితో కొట్టాడు. మూడో దెబ్బకి లప్పం రాలి, రేకు విరిగి, సుత్తి తల లోపలికి పోయింది. ఆ కన్నంలోంచి ఇంజను గది బల్బు కనపడింది.

మేనేజరు తనకేమీ తెలియదన్నాడు. నన్ను పనిలోంచి ఆపేశారు. నా కింద పని చేసినవాళ్లు తలలు తిప్పుకుని పోయారు. మీ వదినకి చెప్పాను. ఇంతకంటే ఇంకెవతె దగ్గరికైనా వెళ్తున్నా బాగుండేది అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

అన్నయ్య


ఆగస్టు 17

పిచ్చుకా,

నేను ఉత్తరం డబ్బాలో వేసి వచ్చిన మర్నాడు నీ ఎనిమిదో తేదీది చేరింది. శుక్రవారం దాకా ఆగుతానన్నది. ఈపాటికి నాది కూడా దారిలో ఉంటుంది. నువ్వు మరిదికి ఫోన్ చేసే ఉంటావు, చేసినా నాకు కోపం లేదు.

ముందు కాస్త గర్వపడ్డాను, నిజం చెప్తున్నాను. చెల్లెలు బెదిరించకముందే వెళ్లాను కదా అని. తర్వాత మూడు రోజులుగా ఒకటే ఆలోచన. ఆ పంపు సోమవారం మామూలుగా ఆగి ఉంటే వెళ్లేవాడినా? నీ ఉత్తరం ముందు వచ్చి ఉంటే దాన్ని చూసి వెళ్లేవాడినా, లేక మీ వదిన చూడకుండా చింపేసేవాడినా? వెళ్లాను అన్నదొక్కటే చేతిలో ఉంది.

ఇరవై ఆరో తేదీన విచారణకి పిలిచారు. పింఛను మాట అప్పుడు తేలుతుందట. లాంచీ అడుగు మొత్తం గీకుతున్నారు, ఇంకో రెండు చోట్ల కూడా రేకు పోయిందట. చూడ్డానికి నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు బయట నిలబడి సుత్తి దెబ్బలు విన్నాను. నాకు వినపడ్డాయంటే ఎంత గట్టిగా కొడుతున్నారో.

అన్నయ్య


ఆగస్టు 22

అన్నయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ముందేసుకుని కూర్చున్నాను. విచారణకి నేనూ వస్తున్నాను. ఇరవై ఐదో తేదీ పొద్దున బస్సుకి దిగుతాను, వదినకి చెప్పు. మాట్లాడనివ్వకపోయినా గది బయట కూర్చుంటాను.

తోడబుట్టినవాడివైనా సరే చెప్పేస్తానని నీకు రాసినదాన్ని, నా సంగతి కూడా రాయాలి. మొహం మీద చెప్పే ధైర్యం లేదు, అందుకే రావడానికి ముందే రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మరిది నంబరు నొక్కి, అవతల మోగకముందే పెట్టేశాను. టపా ఆలస్యమైందేమో, రేపు వస్తుందేమో అనుకున్నాను. శనివారం రాలేదు. ఇంకొక్క రోజు చూద్దామనుకున్నాను. ఆదివారం, ఈ రోజు ఆఫీసు ఉండదుగా, చెప్పి మాత్రం ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సోమవారం మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది.

లాంచీని గట్టుకి లాగేశారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మూడు రోజులూ అది నీళ్ల మీదే ఉందని నాకు లెక్క. రోజుకి పన్నెండు ట్రిప్పులు. జనంతో. అది తెలిసీ శనివారం బట్టలు ఆరేశాను. ఆదివారం చిమ్నీకి రెండో కోటు పసుపు వేశాను, చాలా జాగ్రత్తగా, ఒక్క కుంచె గీత కనపడకుండా.

నువ్వు చేసినదాని కింద నీ సంతకం ఉంది. ఎవరో ఒకరు నిన్ను పిలిచి అడుగుతారు. నేను చేసినదాని కింద ఎవరి సంతకమూ లేదు, నన్ను పిలిచేవాళ్లు లేరు. ఇరవై ఐదున వస్తాను. నువ్వు అడుగు.

పిచ్చుక